సంచిలో మిగిలిన గొట్టం ముక్క: పాత గడ్డికోత బండి గురించి పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది హసన్‌పర్తి. మా కుటుంబం నడిపే పాఠశాలకు నాలుగెకరాల ఆటస్థలం ఉంది. మనిషి కూర్చుని నడిపే పాత గడ్డికోత బండిని రెండేళ్ల కిందట హైదరాబాదులో కొన్నాము. నిరుడు వానకాలంలో దాని కింది భాగం చప్పుడు చేస్తుంటే ఒక మెకానిక్ వచ్చి, కోత డెక్కును, అంటే బ్లేడులు తిరిగే కింది పెట్టెను, పూర్తిగా విప్పి, సామానంతా సంచులలో కట్టిపెట్టి, మళ్లీ రాలేదు. ఈ వేసవిలో మా తమ్ముడూ నేనూ కలిసి బిగించాము. బండి ముందుకు, వెనుకకు బాగానే నడుస్తున్నది. బ్లేడు మీట వేస్తే మాత్రం ఇంజను బరువెక్కినట్లు మూలిగి ఆగిపోతున్నది, బెల్టు కాలిన వాసన వస్తున్నది. ఒకసారి బెల్టు జారి పడింది కూడా. కోసినంత మేర గడ్డి ఒక పక్క పొడుగ్గా, ఒక పక్క పొట్టిగా ఉంటున్నది. సంచి అడుగున బొటనవేలంత ఇనుప గొట్టం ఒకటి, వంచిన ఇనుప చువ్వ ఒకటి మిగిలాయి. సీటు కింది స్విచ్ తీగలు కలిపేస్తే ఇంజను ఆగదని తెలిసినవారు ఒకరు చెప్పారు. అలా చేయవచ్చునా?

జవాబు: సీటు స్విచ్ తీగలను దయచేసి కలపవద్దు. బ్లేడు తిరుగుతుండగా నడిపే మనిషి సీటు మీద నుంచి లేచినా, పడిపోయినా ఇంజనును తక్షణం ఆపడం కోసమే ఆ స్విచ్ ఉంది. ఇలాంటి యంత్రాలలో బ్లేడు కొన వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదని అమెరికా భద్రతా ప్రమాణం హద్దు పెట్టింది. ఆ హద్దు గంటకు దాదాపు 350 కిలోమీటర్ల వేగంతో సమానం. పిల్లలు తిరిగే మైదానంలో అంత వేగంతో తిరిగే ఇనుప పట్టీకి అడ్డుగా ఉన్న రక్షణను తీసివేయడం ఏ కారణంతోనూ సమర్థించలేనిది. పైగా మీ జబ్బు అక్కడ లేదని మీ ఉత్తరమే చెబుతున్నది. స్విచ్ దోషమైతే తాళంచెవి తిప్పి ఆపినట్లు ఇంజను ఒక్కసారిగా, శుభ్రంగా ఆగిపోతుంది. మూలగడం ఉండదు, బెల్టు కాలిన వాసన రాదు. మీ ఇంజను బరువు లాగలేక ఆగుతున్నది. డెక్కులో ఏదో బిగుసుకుని ఉన్నదన్నమాట.

ఆ బిగువుకు కారణం చాలావరకు మీ సంచిలో మిగిలిన గొట్టమే అయి ఉంటుంది. బ్లేడును మోసే ప్రతి స్పిండిల్‌కు పైనొక బేరింగు, కిందనొక బేరింగు ఉంటాయి. అనేక డెక్కులలో ఆ రెండింటి లోపలి వలయాల మధ్య, ఇరుసు చుట్టూ, సరిగ్గా కొలిచి కోసిన ఒక గొట్టం కూర్చుంటుంది. పైన పుల్లీ నట్టును బిగించినప్పుడు ఆ బలమంతా లోపలి వలయాల నుంచి గొట్టం మీదికి పోతుంది కనుక బేరింగుల గుండ్లకు ఏ బాధా ఉండదు. గొట్టం లేకుండా బిగిస్తే లోపలి వలయాలు రెండూ ఒకదాని వైపు ఒకటి లాగబడి, గుండ్లు పక్క నుంచి నలిగి, స్పిండిల్ చేతితో తిప్పినా కదలనంతగా బిగుసుకుంటుంది. నట్టు వదులు చేస్తే తిరుగుతుంది, బిగిస్తే ఆగుతుంది; విషయం తెలియని మనిషి నట్టు వదులుగా ఉంచి ఊరుకుంటాడు, అది ఇంకా పెద్ద ప్రమాదం.

పరీక్ష సులువు. ముందుగా ప్లగ్గు తీగను ఊడదీసి దూరంగా కట్టండి, బ్యాటరీ నెగెటివ్ తీగను కూడా విప్పండి. డెక్కు కిందికి చెయ్యి పోయే ప్రతిసారీ ఈ రెండు పనులూ చేయవలసిందే. బెల్టు తీసివేసి, మందపాటి చేతితొడుగు వేసుకుని, ఒక్కో బ్లేడును తిప్పి చూడండి. వాటిలో ఒకటి మిగిలిన వాటికన్నా గట్టిగా తిరిగితే గొట్టం లేని స్పిండిల్ అదే. దానిని విప్పి గొట్టం వేసేటప్పుడు బేరింగులను కూడా మార్చండి, ఎందుకంటే నలిగిన గుండ్లు మళ్లీ నునుపుగా తిరగవు. బేరింగు అంచు మీద 6203 లేదా 6204 వంటి అంకె చెక్కి ఉంటుంది. అదే అంకెతో, రెండు పక్కలా రబ్బరు మూత ఉన్నది కావాలని అడిగితే వరంగల్ బేరింగు దుకాణాలలో దొరుకుతుంది. గూటిలోకి దింపేటప్పుడు దెబ్బ బయటి వలయం మీదనే పడాలి. లోపలి వలయం మీద కొడితే కొత్త బేరింగు బిగించక ముందే పాడవుతుంది.

వంచిన చువ్వ బెల్టు కాపు. బెల్టు కాస్త సడలినప్పుడు పుల్లీ గాడిలో నుంచి బయటికి పోకుండా, పుల్లీకి అతి దగ్గరగా, తాకకుండా నిలబడేది అదే. బెల్టు జారి పడటానికి అది లేకపోవడమే చాలు. దానిని బిగించి, బెల్టుకూ చువ్వకూ నడుమ రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండేటట్లు చూడండి.

బెల్టు ఇప్పటికే కాలింది కనుక కొత్తది కొనవలసి వస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. పిండి గిర్నీకో, గాలి కంప్రెసరుకో వేసే 13 మిల్లీమీటర్ల వెడల్పు బెల్టు కొలతలో దీనికి సరిపోయినట్లే కనిపిస్తుంది. అయితే మీట వేసే బండ్లలో బెల్టే క్లచ్చు: మీట వేస్తే బిగుస్తుంది, తీస్తే వదులై పుల్లీ మీద జారాలి. అందుకు తగిన గుడ్డ చుట్టూ చుట్టి, లోపల అరామిడ్ పోగు వేసిన బెల్టు గడ్డికోత యంత్రాలకు ప్రత్యేకంగా వస్తుంది. మామూలు బెల్టు మీట తీసినా పుల్లీని పట్టుకునే ఉంటుంది, త్వరగా కాలిపోతుంది. పొడవును పాత బెల్టుతో కొలవవద్దు, అది సాగి ఉంటుంది. డెక్కు మీది అంకెను బట్టి తెప్పించండి.

ఇక కోత వంకర సంగతి. డెక్కు వేలాడేది బండి చట్రానికి. చట్రం నిలబడేది చక్రాల మీద. అందువల్ల చక్రాల గాలి సరిచూడకుండా డెక్కును ఎంత సరిచేసినా వృథాయే. ముందు చక్రాలకు 14 పీఎస్ఐ, వెనుక వాటికి 10 పీఎస్ఐ అనేది చాలా బండ్లకు సరిపోయే కొలత. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే దానినే పాటించండి. ముఖ్యమైనది ఎడమ, కుడి సమానంగా ఉండటం. తరువాత బండిని మట్టం సరిగ్గా ఉన్న సిమెంటు గచ్చు మీద నిలపండి. మీ బడి వరండా చాలు, ఆటస్థలం పనికిరాదు. బ్లేడులను అడ్డంగా తిప్పి, ఎడమ కొన నుంచి నేలకూ, కుడి కొన నుంచి నేలకూ ఎంత దూరమో కొలవండి. తేడా 3 మిల్లీమీటర్లు మించితే, డెక్కును వేలాడదీసే పక్క లింకు నట్టుతో సరిచేయండి. ఆ తరువాతే బ్లేడులను బండి పొడవునా తిప్పి ముందు కొన, వెనుక కొన కొలవాలి. ముందు కొన 3 నుంచి 6 మిల్లీమీటర్ల వరకు కిందికి ఉండాలి. వెనుక కొన కిందికి దిగితే, ఒకసారి కోసిన గడ్డినే అది మళ్లీ కొడుతుంది. ఇంజనుకు శ్రమ, గరిక కొనలు చిట్లి గోధుమరంగుకు తిరగడం రెండూ దాని ఫలితాలే. ముందు వెనుకలు సరిచేసిన తరువాత పక్కలను మరొకసారి కొలిచి చూడండి, ఒకటి మారితే రెండవది కాస్త కదులుతుంది.

బ్లేడు బిగించేటప్పుడు వంపు తిరిగిన రెక్క డెక్కు వైపు, అంటే పైకి చూడాలి. సాన పెట్టిన తరువాత మధ్య రంధ్రంలో మేకు దూర్చి గోడకు వేలాడదీస్తే ఏ వైపు బరువో తెలుస్తుంది. ఆ వైపు మరికొంత అరగదీయండి. బరువు సమంగా లేని బ్లేడు కొత్త బేరింగులను ఒక్క వానకాలంలో తినేస్తుంది. మన ఎర్ర చెల్కల్లో తొలి వానకే రాళ్లు పైకి తేలుతాయి కనుక, కోతకు ముందు మైదానమంతా ఒకసారి నడిచి ఏరించండి.

ప్రశ్న: మాది జమ్మికుంట. మా మామిడి తోటలోని ఇలాంటి బండికే తాళంచెవి తిప్పితే ఇంజను సగం తిరిగి టక్కున నిలిచిపోతుంది, రెండు మూడుసార్లు ప్రయత్నిస్తే ఎప్పుడో అందుకుంటుంది. కొత్త బ్యాటరీ వేసినా మారలేదు. స్టార్టరు మార్చాలా?

జవాబు: ఇప్పుడే కొనవద్దు. తీగల కొనలను గీకి శుభ్రంచేసిన తరువాత కూడా ఇలాగే ఉంటే వాల్వు సందులు, అంటే వాల్వు కొనకూ దానిని నొక్కే చేతికీ నడుమ ఉండే ఖాళీలు, చూడండి. ఒకే సిలిండరు, తలలో వాల్వులు ఉన్న ఇంజన్లలో స్టార్టరుకు భారం తగ్గించడానికి, నెమ్మదిగా తిరిగే ఆ క్షణంలో ఒక వాల్వును కొద్దిగా తెరిచి ఉంచే ఏర్పాటు ఉంటుంది. వాల్వు సందు అరిగి పెరిగితే ఆ కొద్దిపాటి తెరుచుకోవడం జరగదు. పిస్టను నిండు ఒత్తిడికి ఎదురుపడి ఆగిపోతుంది.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు ప్లగ్గు తీసి, వాల్వులు రెండూ మూసుకున్న ఒత్తిడి దశలో పిస్టను పైకొచ్చేలా తిప్పండి. అక్కడి నుంచి అది 6 మిల్లీమీటర్లు కిందికి దిగే వరకు నెమ్మదిగా తిప్పి ఆపండి. ప్లగ్గు రంధ్రంలో సన్నని పుల్ల ఉంచితే ఆ దూరం తెలుస్తుంది. వాల్వుల మీది మూత తీసి, సందులు కొలిచే పలుచని రేకుల ఫీలర్ గేజ్‌తో కొలిస్తే పెట్రోలు లోపలికి వచ్చే వాల్వుకు సుమారు 0.1, పొగ బయటికి పోయే వాల్వుకు సుమారు 0.15 మిల్లీమీటర్లు ఉండాలి. మీ ఇంజను పుస్తకంలో వేరే అంకె ఉంటే దానికే కట్టుబడండి. తేడా ఉంటే మరను తిప్పి సరిచేసి, దాని నట్టును బిగించండి. నట్టు బిగించేటప్పుడు మర కాస్త తిరుగుతుంది కాబట్టి, బిగించిన తరువాత మరల కొలిచి, అప్పుడు మూత వేయండి.