విశాఖలో రెండు రోజులే ఉంటే అరకు మాట ఎత్తకండి

కుటుంబంతో రెండు రోజులకు విశాఖపట్నం వస్తున్నామని, పిల్లలకూ పెద్దలకూ సరదాగా ఉండేవి చెప్పమని అడిగారు. చివర్లో “అరకు ఎలాగూ ఉంది కదా” అని కూడా రాశారు. నా పేచీ అంతా ఆ చివరి ముక్కతోనే.

అరకు ఇక్కడికి వంద కిలోమీటర్లకు పైనే. శృంగవరపుకోట దాటాక కొండలెక్కే రైలు, వరుస సొరంగాలు, బొర్రా గుహలు అన్నీ గొప్పవే, కాదనను. కానీ చీకటితో బయలుదేరి, గుహలు చూసి, బొంగు చికెన్ తిని, రాత్రి నడుము పట్టుకుని తిరిగొచ్చినవాడికి విశాఖపట్నం ఎక్కడ కనిపించింది? 2022లో జిల్లాలు విడదీశాక అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్ళిపోయింది. అయినా హోటల్లో సామాను దించగానే ట్రావెల్స్ వాళ్ళు మా ఊరి పేరు చెప్పి దాన్నే అంటగడతారు. అరకుకు విడిగా సెలవు పెట్టుకోండి. చలికాలంలో వచ్చి రెండు రాత్రులు అక్కడే ఉండండి.

మాది పొద్దున్నే చూడవలసిన ఊరు. సూర్యుడు సముద్రంలోంచి వచ్చే తీరం మీద ఉంటూ, అందరూ సాయంత్రమే బీచ్‌కు ఎందుకు ఎగబడతారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

కిందటి సంక్రాంతి సెలవులకు నిజామాబాద్ నుంచి మా అక్క, బావగారు, మేనల్లుడు వచ్చారు. బావగారికి తెలిసిన చేపలు మూడే: రవ్వ, బొచ్చె, కొర్రమీను. అందులోనూ కొర్రమీను తర్వాతే మిగతా లోకం. తెల్లవారకముందే అందరినీ లేపి ఫిషింగ్ హార్బరుకు తీసుకెళ్ళాను. కాలు పెట్టగానే నేలంతా ఐసునీళ్ళు, పొలుసులు. వేట నుంచి వచ్చిన బోట్లలోంచి కలాసీలు గంపలు అందిస్తున్నారు, ఒడ్డున వేలంపాట నడుస్తోంది. ఒక సూర చేపను ఇద్దరు మోసుకొస్తుంటే మా మేనల్లుడు నోరు తెరుచుకుని చూస్తూ పక్కకు జరగడం మరిచిపోయాడు. దాని తోక వాడి తెల్ల చొక్కాకు అడ్డంగా రాసుకుంది.

బావగారు గంప ముందు కూర్చున్న ఒకావిడను “కొర్రమీను ఎక్కడమ్మా?” అని అడిగారు.

“అది మీ చెరువులో వెతుక్కోవాలి బాబూ, ఇది సముద్రం” అని ఆవిడ పకపకా నవ్వింది. తర్వాత జాలిపడిందో ఏమో, చందువా ఒకటి తీసి మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపించింది. ఆ ఎరుపు గోధుమ రంగుకు తిరిగితే చేప పాతదన్నమాట. ఒంటి మీద వేలితో నొక్కించింది కూడా. గుంట వెంటనే పూడాలి. ఇక బావగారిని ఆపడం మా తరం కాలేదు. కోనాము, పండుగప్ప, కానాగంత, ఏది కనిపిస్తే దాని మొప్ప ఎత్తడమే. చివరికి ఇంకొకావిడ “కొంటారా బాబూ, వైద్యం చేస్తారా?” అని అడిగాకే చందువాలు కొన్నారు. అక్క అంతసేపూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే నిలబడింది. మధ్యాహ్నం ఇంట్లో ఆ వేపుడు అందరికంటే ఎక్కువ తిన్నది మాత్రం ఆవిడే.

ఏ ప్యాకేజీలో ఉంటుంది చెప్పండి ఇది? ఒక్కటే షరతు: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అప్పుడు వస్తే కట్టేసిన బోట్లే కనిపిస్తాయి.

హార్బరు నుంచి నేరుగా పాతబస్తీలోకి వెళ్ళండి. అక్కడ పక్కపక్కనే ఉన్న కొండల మీద చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్నాయి. చర్చి ఉన్నది రాస్ హిల్. అక్కడి నుంచి చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ ఎదురుగా, ఓడలు పోర్టులోకి వచ్చే కాలువ కిందుగా ఉంటాయి. పెద్ద ఓడ ఒకటి ఆ ఇరుకులోకి వస్తున్నప్పుడు చూడగలిగితే మీ అదృష్టం. కైలాసగిరి మీద రోప్‌వే పిల్లలకు సరదాయే, అంతకుమించి నేను చెప్పను.

బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి తప్పకుండా చూడండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. లోపల మాత్రం ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే, గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరాల్సిందే. టార్పెడోలు ఉండే గదిలోనే మనుషులు పడుకునేవారని తెలిస్తే పిల్లలు అక్కడి నుంచి కదలరు. లోపల వివరించేవాళ్ళలో నౌకాదళంలో పనిచేసి విరమించినవారు ఉంటారు, వాళ్ళను అడగండి. అడగనివ్వరు లెండి, సెల్ఫీల కోసం వెనక నుంచి తోసే జనం! అంత సన్నటి దారిలో మొహం మీదికి ఫోను పెట్టుకుని నిలబడేవాళ్ళను ఏమనాలో నాకు తెలియదు.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. వేల ఏళ్ళుగా పేరుకున్న ఎర్ర ఇసుకను వానలు కోసి కోసి చేసిన లోయలవి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ గుర్తించిన భూవారసత్వ స్థలం. పెళ్ళి ఫొటోల వాళ్ళు అక్కడ రంగుల పొగలు వదులుతారు, దిబ్బల అంచులెక్కి మట్టి రాలగొడతారు. మీరు కింద లోయల్లోనే నడవండి.

సముద్రస్నానం మాత్రం కుర్సురా ఉన్న ఆర్కే బీచ్‌లో వద్దు. అక్కడి అలలు లోపలికి లాగుతాయి. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు కొట్టుకుపోయిన వార్తలు మేము ఏటా చదువుతూనే ఉన్నాం. పాదాలు తడుపుకుని, మరమరాలతో కలిపే మురీ మిక్సర్ పొట్లం కట్టించుకుని, నిమ్మరసం ఇంకాస్త పిండమని అడిగి, గట్టు మీద కూర్చుని తినండి. అన్నట్టు, కుర్సురాకు సోమవారం సెలవు. మీ రెండు రోజుల్లో ఒకటి సోమవారమైతే దాన్ని ముందురోజే చూసేయండి.