గంట విమానం, నాలుగున్నర గంటల ప్రయాణం

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. మా అక్కను మోకాళ్ల డాక్టరుకు చూపించడానికి విశాఖ తీసుకెళ్తున్నావని విని సంతోషించాను. కానీ ఫోన్లో నువ్వు "విమానంలో గంటే కదా మామయ్యా" అన్నప్పటి నుంచి ఒక మాట చెప్పాలని ఉంది. ఉద్యోగం రోజుల్లో ఆ దారిన చాలాసార్లు తిరిగినవాణ్ని.

విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరం నుంచి విశాఖ విమానాశ్రయానికి ఆకాశంలో తిన్నగా కొలిస్తే దాదాపు 290 కిలోమీటర్లు. రైల్లో అయితే 350. చిన్న ఏటీఆర్ విమానం కూడా గంటకు 500 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ లెక్కన 35 నిమిషాలు చాలు. అయినా టికెట్ మీద గంట అని ఉంటుంది. విమానం ఇక్కడ కదలడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి అక్కడ పూర్తిగా ఆగేవరకు పట్టే సమయం అది. రన్‌వే దాకా వెళ్లడం, పైకెక్కడం, దిగడానికి వంతు కోసం ఆగడం, అన్నీ అందులోనే.

నువ్వు చూడాల్సింది ఆ గంట కాదు, మీ ఇంటి గుమ్మం నుంచి ఆసుపత్రి గుమ్మం దాకా. పటమట నుంచి గన్నవరం ముప్పావుగంట. అక్కతో కాబట్టి రెండు గంటల ముందే అక్కడ ఉండాలి. విమానం గంట. దిగి, సామాను తీసుకుని, ఊళ్లోకి చేరడానికి ఇంకో ముప్పావుగంట. మొత్తం నాలుగున్నర గంటలు. వందేభారత్ రైలు కూడా విజయవాడ నుంచి విశాఖకు కాస్త అటూ ఇటూగా అంతే సమయం తీసుకుంటుంది. పైగా స్టేషన్ ఊరి మధ్యలోనే ఉంటుంది. టికెట్ మీద భోగాపురం అని ఉందేమో కూడా చూసుకో. ఆ కొత్త విమానాశ్రయం విశాఖకు 45 కిలోమీటర్ల దూరంలో ఉంది, అక్కడ దిగితే ఇంకో గంట కలుపుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం, నేరుగా వెళ్లే విమానం తప్ప మరేదీ తీసుకోకు. ఫోన్లో వెతికితే హైదరాబాద్ మీదుగా వెళ్లేవి చవగ్గా కనిపిస్తాయి. గన్నవరం నుంచి శంషాబాద్ 265 కిలోమీటర్లు వెనక్కి, అక్కణ్నుంచి విశాఖ 510. అంటే 290కి బదులు 775 తిరగడం! ఒకసారి నేనూ అలాగే రెండు వేరువేరు టికెట్లు కొన్నాను. మొదటి విమానం ఆలస్యమై రెండోది వెళ్లిపోయింది. రెండూ ఒకే టికెట్‌లో లేవు కాబట్టి డబ్బు తిరిగి రాలేదు. రాత్రంతా కుర్చీలో కూర్చున్నాను. అక్క మోకాళ్లతో ఆ కష్టం వద్దు.

వీల్‌చైర్ కావాలని టికెట్ కొనేటప్పుడే చెప్పు. ఏటీఆర్ అయితే మెట్లెక్కాలి, అక్క మెట్లు ఎక్కే స్థితిలో లేదని కూడా ముందే చెప్పు. మందులు, రిపోర్టులు, ఆధార్ చేతిసంచిలో ఉండాలి. ఆవకాయ మాత్రం చేతిసంచిలో పెట్టకు, సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. గట్టిగా ప్యాక్ చేసి పెద్ద పెట్టెలో పెట్టు. ఎండుకొబ్బరి పెట్టెలో కూడా వద్దు, అది నిషేధం.

నేరుగా వెళ్లే విమానం డాక్టరు ఇచ్చిన వేళకు కనీసం మూడు గంటల ముందు దిగేలా ఉంటే అదే తీసుకో. లేకపోతే ముందురోజు రైలెక్కించు, రాత్రి అక్కడ పడుకుంటుంది. ఏది కుదిరిందో సాయంత్రం ఫోన్ చేసి చెప్పు.

మీ మామయ్య