నాన్న తిరిగి రాలేదు, పోయాడనీ తెలియదు

ప్రశ్న: మేడమ్, మాది పల్నాడులో ఒక ఊరు. 1994 మార్చిలో మా నాన్న 32 టిక్కీల (బస్తాల) మిర్చి లారీలో వేసుకుని గుంటూరు యార్డుకి వెళ్లాడు. తోడుగా బాబాయి వెళ్లాడు. సరుకు అమ్ముడుపోయాక బాబాయి ముందుగా ఊరికి వచ్చేశాడు. నాన్న “లెక్క చూసుకుని డబ్బు తీసుకుని రేపొస్తా” అన్నాడట. మళ్లీ రాలేదు. స్టేషన్లో కంప్లయింట్ ఇచ్చాం, ఏమీ తేలలేదు. డబ్బు కోసం ఎవరో చంపేశారని కొందరు, ఎక్కడో ఇంకో సంసారం పెట్టాడని కొందరు అన్నారు. అమ్మ ఇప్పటికీ బొట్టూ మట్టెలతోనే ఉంది. అన్నయ్య కట్టించిన కొత్త ఇంటికి రానంటుంది, “ఆయనకి ఈ ఇల్లే తెలుసు” అంటుంది. ఇప్పుడు అన్నయ్య కూతురి పెళ్లి. నాన్న పేరు మీదున్న పొలం అమ్మాలంటే ఆయన చనిపోయినట్టు కాగితం కావాలి. ఆ మాట ఎత్తితే అమ్మ రెండు రోజులు అన్నం మానేసింది. నేనేమో ఏడాదిగా రాత్రిళ్లు పాత హత్య కేసుల వీడియోలూ, గుర్తుతెలియని శవాల ఫొటోలూ చూస్తూ కూర్చుంటున్నాను. బాబాయి మీదే నా అనుమానం. నాన్న పోయిన రెండేళ్లకే ట్రాక్టర్ కొన్నాడు. అన్నట్టు, ఆ రోజు నాన్న బయల్దేరుతుంటే నాకు వెండి పట్టీలు కావాలని మారాం చేశాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

జవాబు: అమ్మా, మీరు కొసరులా రాసిన ఆఖరి రెండు వాక్యాల దగ్గరే మొదలుపెడతాను. ఉత్తరం మొత్తంలో అసలు బరువు అక్కడే ఉందనిపించింది. మీరు పట్టీలు అడగకపోతే నాన్న ఆ రాత్రి గుంటూరులో ఆగేవాడు కాదేమో, డబ్బు చేత పట్టుకుని కొట్ల వెంట తిరిగేవాడు కాదేమో అని ముప్ఫై ఏళ్లకు పైగా మిమ్మల్ని తొలుస్తోంది కదూ? పంట డబ్బు చేతికొచ్చిన రోజు పిల్లలకి ఏదో ఒకటి కొనుక్కురావడం మన పల్లెల్లో ప్రతి తండ్రీ చేసే పనే. అడిగినా తెస్తాడు, అడక్కపోయినా తెస్తాడు. ఆయనకి ఎవరైనా కీడు చేసి ఉంటే ఆ పాపం చేసిన చేతిది. ఆయనే వెళ్లిపోయి ఉంటే, ఒక జత పట్టీల కోసం ఏ మగాడూ ఇల్లు వదిలిపోడు. కారణం తెలియని కష్టాన్ని మోయడం మనసుకి చాలా కష్టం. అందుకే కారణం దొరక్కపోతే తనమీద తానే ఒకటి వేసుకుంటుంది. తొమ్మిదేళ్ల పిల్ల అదే చేసింది. ఇప్పుడు మీ ఇంట్లో తొమ్మిదేళ్ల పిల్ల ఎవరైనా ఉంటే ఓసారి దగ్గర కూర్చోబెట్టుకుని చూడండి, అంత చిన్నదాని మీద ఎంత నేరం మోపారో మీకే అర్థమవుతుంది.

మీ ఇంట్లో ఉన్నది మామూలు దుఃఖం కాదు. పౌలీన్ బాస్ అనే అమెరికన్ కుటుంబ చికిత్సకురాలు 1970లలో, వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో పనిచేస్తూ దీన్ని విడిగా గుర్తించి దానికో పేరు పెట్టింది. నేను దాన్ని తెగని దుఃఖం అంటాను. మనిషి కళ్లెదుట లేడు, మనసులోంచి పోడు. చావు జరిగితే ఏం చేయాలో ఊరికి తెలుసు. కబురు వెళ్తుంది, బంధువులొస్తారు, పదకొండో రోజు, పెద్దకర్మ, సంవత్సరీకం, అన్నీ వరసగా జరిగిపోతాయి. మనిషి కనిపించకుండా పోతే ఊరికి ఏం చేయాలో తెలియదు. పరామర్శకి ఎవరూ రారు, వస్తే అప్పులవాళ్లు వస్తారు. మా పెద్దమ్మ కొడుకు 1986లో ఇంటర్ తప్పి ఇంట్లోంచి వెళ్లిపోయాడు. ఆమె పోయేదాకా వీధి తలుపుకి గడియ పెట్టనివ్వలేదు. దొంగలు పడతారే అని మా అమ్మ కోప్పడితే, “పడితే పడనీ, వాడు తలుపు కొట్టి వెళ్లిపోతే?” అనేది. కొత్త ఇంటికి రానంటున్న మీ అమ్మగారిది మొండితనం కాదని చెప్పడానికే ఇదంతా రాశాను.

ఇక అమ్మకీ అన్నయ్యకీ మధ్య నలుగుతున్న గొడవ. అన్నయ్య కాగితం అడుగుతున్నాడు, అమ్మకి అది చితి పేర్చడంలా వినిపిస్తోంది. ఆ రెండూ ఒకటి కావని ఇంట్లో ఎవరో ఒకరు నిదానంగా చెప్పాలి. ఏడేళ్లపాటు, మామూలుగా కబురు తెలియాల్సిన వాళ్లెవరికీ మనిషి జాడ తెలియకపోతే, అతను బతికే ఉన్నాడని రుజువు చేయాల్సిన భారం ఆ మాట అనేవాళ్ల మీద పడుతుంది. 1872 నాటి సాక్ష్యాధార చట్టంలో ఇది 108వ సెక్షన్. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 111. ఇది ఒక అనుకోలు మాత్రమే, ఎలా పోయాడో ఎప్పుడు పోయాడో కోర్టు చెప్పదు. ఎల్‌ఐసీకి సంబంధించిన ఒక కేసులో 2004లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. ఏడేళ్లు నిండిన రోజునే చనిపోయాడనీ అనుకోరు, ఆ ప్రశ్న కోర్టు ముందుకు వచ్చిన నాటికి లేడని మాత్రమే అనుకుంటారు. అంటే “మీ ఆయన చనిపోయాడు” అని మీ అమ్మతో ఎవరూ అనడం లేదు. “ఇన్నేళ్లుగా కబురు లేదు కాబట్టి ఆయన పొలం సంగతి ఆయన పిల్లలు చూసుకోవచ్చు” అంటోంది చట్టం. అన్నయ్య ఈ మాటనే ఈ పద్ధతిలో అడిగి ఉంటే ఆమె అన్నం మానేసేది కాదేమో.

ఏడేళ్లు దాటాయి కదా అని ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్తే కాగితం చేతిలో పెట్టరు. సివిల్ కోర్టులో డిక్లరేషన్ కోసం, అంటే నాన్న లేరని అనుకోవచ్చని కోర్టు ప్రకటించడం కోసం, దావా వేయాలి. అప్పట్లో మీరిచ్చిన కంప్లయింట్ మీద నమోదైన మ్యాన్ మిస్సింగ్ కేసు కాపీ ముఖ్యం. మీ దగ్గర లేకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ స్టేషన్‌కి రాసి అడగండి. ఊళ్లో పెద్దవాళ్లు ఇద్దరి సాక్ష్యం, పేపర్లో ప్రకటన, ఇలాంటివన్నీ వకీలు చెప్తాడు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది, 15100కి ఫోన్ చేస్తే మీ దగ్గర్లోని న్యాయసేవాధికార సంస్థ వివరాలు చెప్తారు. దావా మీ అమ్మ, అన్నయ్య, మీరు ముగ్గురూ కలిసి వేయండి. ఆ పొలం నాన్న స్వార్జితమైతే అందులో మీ ముగ్గురికీ సమానంగా హక్కుంది, అన్నయ్య ఒక్కడే అమ్మే ఆస్తి కాదది. పెళ్లి ముహూర్తం లోపల డిక్రీ రావడం కష్టం. పెళ్లి ఖర్చుకి వేరే దారి చూసుకోమని అన్నయ్యకి ఇప్పుడే చెప్పండి. లేకపోతే ఆ తొందరంతా అమ్మ మీదే పడుతుంది.

అమ్మ అసలు భయం పొలం గురించి కాదని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆ కాగితం వచ్చిన మర్నాడు నలుగురు ఆడవాళ్లు వచ్చి గాజులు పగలగొట్టి బొట్టు తుడిచేస్తారని, మనవరాలి పెళ్లిలో వెనక గదిలో కూర్చోబెడతారని ఆమె భయం. ఈ ఒక్క విషయంలో మీరు గట్టిగా నిలబడాలి. కోర్టు డిక్రీకీ నుదుటి బొట్టుకీ ఏ సంబంధమూ లేదు. ఉంచుకోవాలో తీసేయాలో అమ్మ ఇష్టం, ఇంకెవరికీ అందులో నోరు పెట్టే హక్కు లేదు. ఈ మాట అన్నయ్య నోటితోనే, పెళ్లి పనులు మొదలవ్వక ముందే, దగ్గరి చుట్టాలు నలుగురూ ఉండగా చెప్పించండి. పెళ్లిలో ఆమె ముందు వరసలో ఉంటుందని కూడా అప్పుడే చెప్పించండి.

కర్మ సంగతి మీరు రాయలేదు కానీ ఎవరో ఒకరు ఎత్తుతారు. దూరదేశం పోయి కబురు లేనివాళ్ల కోసం పన్నెండేళ్లు చూసి, దర్భలతో, మోదుగ ఆకులతో బొమ్మ చేసి దహనం చేయడం మన పాత ఆచారంలో ఉంది. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. అలా కర్మ అయిపోయాక ఆ మనిషి తిరిగొస్తే ఏం చేయాలో కూడా ధర్మశాస్త్రాల్లో రాసి పెట్టారు. అతణ్ణి నేతిలో ముంచి తీసి, కొత్తగా పుట్టినవాడిలా జాతకర్మ నుంచి అన్నీ మళ్లీ చేసి, ఆ భార్యతోనే మళ్లీ పెళ్లి చేయాలని ఉంది. అది రాసినవాళ్లు కూడా తలుపుకి గడియ పెట్టలేదు చూడండి. అమ్మకి ఇది చెప్పండి. చేయమని ఒత్తిడి చేయొద్దు. ఎప్పుడో ఒకనాడు తనంతట తాను అడిగితే చేయించండి, అడగకపోతే వదిలేయండి.

ఇక మీ బాబాయి. ఇక్కడ మీతో కొంచెం కఠినంగా మాట్లాడక తప్పదు. ఆఖరిసారి నాన్నతో ఉన్నది ఆయనే కాబట్టి అనుమానం రావడం సహజం. అనుమానమే తీర్పు అయిపోతే ఏమవుతుందో మన దగ్గరే చూశాం. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో, హాస్టల్లో ఉన్న ఫార్మసీ విద్యార్థినిని చంపేశారు. ఒక కుర్రాణ్ణి పట్టుకున్నారు, 2010లో యావజ్జీవం పడింది. 2017లో హైకోర్టు అతను నిర్దోషి అని విడిచిపెట్టింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. ఆ తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది, 2019లో సమాధి తవ్వి మళ్లీ పరీక్షలు చేశారు. ఆ పిల్ల తల్లిదండ్రుల కడుపుమంట ఒకవైపు, చేయని నేరానికి యౌవనం పోగొట్టుకున్న కుర్రాడు ఇంకోవైపు. మీ బాబాయి ట్రాక్టర్ కొన్నాడన్నారు. ఆ రోజుల్లో బ్యాంకు అప్పు మీద ట్రాక్టర్ తెచ్చుకున్న ఇళ్లు ఎన్ని లేవు? ఎలా కొన్నావని ఇన్నేళ్లలో ఆయన్ని ఎవరైనా అడిగారా? ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క కూడా పెట్టకండి.

అలాగని నోరు మూసుకుని ఉండమనడం లేదు. హత్య కేసుకి కాలపరిమితి లేదు. కొత్త ఆధారం దొరికితే మూసేసిన కేసును పోలీసులు మళ్లీ దర్యాప్తు చేయొచ్చు. అందుకే బాబాయిని అడగండి. నేరస్థుణ్ణి అడిగినట్టు కాకుండా, “నాన్నతో ఆఖరి రోజు గడిపింది నువ్వే బాబాయ్, ఆ రోజంతా ఎలా గడిచిందో నాకు చెప్పు” అని అడగండి. ఎక్కడ దిగారు, ఏ కమీషన్ కొట్టు, రేటు ఎంత పలికింది, ఎక్కడ తిన్నారు, నాన్న ఎవరితో మాట్లాడాడు, అన్నీ. రాసుకోండి, ఆయన ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేయండి. ఆయనకీ అరవై దాటాయి, ఆయనతోనే ఆ జ్ఞాపకం కూడా పోతుంది. కొత్త సంగతి ఏదైనా బయటపడితే రాతపూర్వకంగా స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఏమీ బయటపడకపోతే అనుమానాన్ని అక్కడితో ఆపాలి. ఆపడం తేలిక కాదని నాకు తెలుసు. ఆయన కూడా ఇన్నేళ్లూ “నేను ముందొచ్చేయకుండా ఉంటే” అనుకుంటూ బతుకుతున్నాడేమో. మీరు పట్టీల గురించి అనుకున్నట్టే.

రాత్రిళ్లు చూసే ఫొటోలు మానేయాలి. ఇప్పుడు దొరికే గుర్తుతెలియని శవాల ఫొటోల్లో 1994 నాటి నాన్న ముఖం దొరకదు. గుర్తుతెలియని శవాల డీఎన్‌ఏనూ, తప్పిపోయినవాళ్ల బంధువుల డీఎన్‌ఏనూ ఒకచోట ఉంచి పోల్చేందుకు మన దేశంలో తెచ్చిన బిల్లును 2023లో వెనక్కి తీసుకున్నారు కూడా. వెతకాలనిపిస్తే ఒక పద్ధతిగా, ఒక నెల పెట్టుకుని వెతకండి. పాత కేసు కాపీ తెప్పించండి, నాన్న ఫొటో, ఒంటి మీద గుర్తులు, వయసు రాసి జిల్లా పోలీసులకి ఇవ్వండి. మతి చెదిరి రోడ్ల మీద తిరిగేవాళ్లని చేరదీసి, వైద్యం చేసి, ఊరి పేరు గుర్తొచ్చాక ఇంటికి చేర్చే సంస్థలు ఉన్నాయి. మహారాష్ట్రలో కర్జత్ దగ్గర అలాంటి శ్రద్ధ అనే సంస్థను నడుపుతున్న డాక్టర్ భరత్ వట్వానీకి 2018లో మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్లకీ ఒక ఉత్తరం రాయండి. ఆశ పెట్టుకోమనడం లేదు, ఇంత కాలం గడిచాక ఆశ చాలా సన్నం. అయినా చేయగలిగిందంతా చేశామని మీకూ అమ్మకీ తెలియడం కోసం. ఆ నెల తర్వాత కూడా నిద్ర పట్టకపోతే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్‌కి, 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ముందు ఒక పని. నాన్న డబ్బు తీసుకుని సంతకం పెట్టిన తక్‌పట్టీ, అంటే సరుకు అమ్మిన లెక్క చీటీ, తర్వాత కమీషన్ కొట్టులో అడిగి తెచ్చుకుని ఉంటే, అది మీ అమ్మ ట్రంకుపెట్టె అడుగున ఉండే ఉంటుంది. ఇలాంటి ఇళ్లలో అది పారేసిన అమ్మని నేను చూడలేదు. బాబాయి దగ్గరికి వెళ్లే రోజు అమ్మని వెంట తీసుకెళ్లండి, ఆ కాగితాన్నీ తీసుకెళ్లి ముగ్గురి మధ్యా పెట్టండి. ఎన్ని టిక్కీలు, ఎంత తూకం, ఎంత ధర, కింద నాన్న సంతకం, తేదీ. మొదట మీరేమీ అడక్కండి, ఆయన్ని చదవనివ్వండి.