450 గ్రాముల లెక్క

"పేదవాడు సోమరి అన్న పాత భావన ఎప్పుడు పోయింది?" అని అడిగారు. పోలేదండీ. ముందు తూకంలో దూరింది, తర్వాత రూపాయల లెక్కలో.

ధాత నామ సంవత్సరపు కరువు (1876-78) చూడండి. బళ్లారి, కర్నూలు, కడప అల్లాడిపోయాయి. కరువు పనుల ఖర్చు తగ్గించమని కలకత్తా నుంచి రిచర్డ్ టెంపుల్ అనే బ్రిటిష్ అధికారిని పంపారు. మూడేళ్ల ముందు బీహార్ కరువులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించింది ఈయనే. డబ్బు తగలేశాడని తిట్లూ తిన్నాడు. ఈసారి మాట పడకూడదనుకున్నాడు కాబోలు, మగ కూలీకి రోజుకు 450 గ్రాముల గింజలు, ఒక అణా చాలన్నాడు. ఆడవాళ్లకూ పనిచేసే పిల్లలకూ ఇంకా తక్కువ. సోమరులు ఎగబడకుండా ఇంకో మెలిక: సత్తువ ఉన్నవాడికి సొంత ఊరికి పది మైళ్ల లోపు పని ఇవ్వరు.

వంద గ్రాముల బియ్యానికి సుమారు 350 కేలరీలు. 450 గ్రాములకు 1,575. ఎండలో రాళ్లు కొట్టేవాడికి అది ఏ మూలకు? అణాతో పప్పూ ఉప్పూ కొనుక్కోవచ్చంటే, కరువు ధరల్లో అణాకు ఏమొస్తుంది! ఒళ్లు చిక్కేకొద్దీ పని తగ్గుతుంది, తగ్గగానే సోమరి అని ముద్ర. ఉపాధి హామీ కూలీల మీద ఇప్పటికీ విసిరే మాట అదే.

మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ 680 గ్రాములు, దానికి తోడు పప్పు, కూరగాయలు ఉండాలని పట్టుబట్టాడు. 1877 మార్చిలో 570 గ్రాముల గింజలు, 43 గ్రాముల పప్పు దగ్గర బేరం తెగింది.

కార్నిష్ గింజలను కేలరీల్లోకి మార్చితే 2,380. నూరేళ్ల తర్వాత, 1979లో ప్రణాళికా సంఘం టాస్క్‌ఫోర్స్ పేదరికపు గీత గీస్తూ, మనిషికి రోజుకు పల్లెలో 2,400 కేలరీలు అంది, పట్నంలో 2,100. దాన్ని ఖర్చులోకి మార్చితే 1973-74 ధరల్లో పల్లెలో తలకు నెలకు 49 రూపాయల 9 పైసలు. తేడా ఇక్కడే కొట్టింది. ఆ తర్వాత ధరల సూచీని బట్టి ఆ రూపాయలనే పెంచుకుంటూ పోయారు. బడి, వైద్యం సర్కారు చూసుకుంటుందన్న పాత లెక్క మాత్రం లోపల అలాగే ఉండిపోయింది. ఫీజులేమో ఇంటివాళ్లే కట్టుకున్నారు. 2009లో, పేదరికాన్ని ఎలా లెక్కించాలో చూసిన టెండూల్కర్ కమిటీ కేలరీల కొలతను పక్కనపెట్టింది. అయినా 2011లో ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టు ముందు పేదరికపు గీతగా చెప్పిన అంకెలు పట్నంలో రోజుకు 32 రూపాయలు, పల్లెలో 26!

2021లో నీతి ఆయోగ్ 12 సూచికలతో పేదరికానికి కొత్త కొలత తెచ్చింది: వంట ఇంధనం, మరుగుదొడ్డి, కరెంటు, బ్యాంకు ఖాతా వగైరా. రూపాయల కంటే ఇది నయమే. కానీ ఇంట్లో ఒక్కరికి ఖాతా ఉంటే ఆ గడి నిండినట్టే. ఖాతాలో ఎంత ఉందని ఎవరూ అడగరు.