కూలిన గదికి మళ్ళీ ఫీజు కట్టాలా?

ప్రశ్న: మాది విశాఖ గోపాలపట్నం, కొండవాలు. కింద శ్లాబు, పైన రేకుల గది. మొన్నటి గాలివానకి పై గోడ కూలిపోయింది, రేకులు లేచి పక్కింటి పెరట్లో పడ్డాయి. ఈసారి శ్లాబే వేసేద్దామంటున్నారు మా మరిది. లాస్ ఏంజిలిస్‌లో ఇళ్ళు కాలిపోయినవాళ్ళకి పర్మిషన్ ఫీజు తీసేశారని అక్కడున్న మా అక్క కొడుకు చెప్పాడు. మనకి అలాంటిది ఉండదా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఫీజు సంగతి తర్వాత చెబుతాను. ఇటుకలు ఇంకా ఎత్తించకపోతే ఆపండి. గోడ మొదలు దగ్గర టేపు పట్టించి, కొలత కనిపించేలా ఫొటోలు తీయించండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను మర్రిపాలెంలో ఉన్నాను. ప్లాన్లు గీయడం నా వృత్తి. మా వీధిలో ఒకాయన మూడో రోజే ట్రాక్టరు పిలిచి అంతా ఊడ్పించేశారు. గది మళ్ళీ లేపుతుంటే, ఇది కొత్త కట్టడమని ఒక ఆఫీసువాళ్ళు అడ్డుపడ్డారు. పాత గదేనని చూపడానికి అక్కడ ఇటుక ముక్క కూడా మిగల్లేదు. వాళ్ళావిడ తడిసి ముద్దయిన ఇంటిపన్ను నోటీసుని పేపర్ల మధ్య పెట్టి, పైన పొత్రం బరువుంచి ఆరబెట్టారు. అంతస్తులవారీ విస్తీర్ణం అందులో ఉంది. దానితోనే గట్టెక్కారు. అయితే పన్ను కట్టినంత మాత్రాన పర్మిషన్ ఉన్నట్టు కాదు. మీకు ప్లాన్ కాపీ ఉంటే అదే బంగారం.

మీ అక్క కొడుకు చెప్పింది నిజమే. 2025 జనవరి మంటల తర్వాత ఏప్రిల్‌లో అక్కడి మేయర్ కారెన్ బాస్, మంటల్లో కాలిన పాలిసేడ్స్ ప్రాంతంలో మళ్ళీ కట్టుకునేవాళ్ళ దగ్గర ప్లాన్ తనిఖీ, పర్మిట్ ఫీజుల వసూలు ఆపమని ఉత్తర్వు ఇచ్చారు. అంతకుముందు జనవరిలోనే, పాత ఇంటి కొలతల్లో 110 శాతం దాటకుండా కట్టేవాళ్ళకి అనుమతులు త్వరగా ఇమ్మన్నారు. ఆ ఊరి ఉత్తర్వు ఆ ఊరికే. మన దగ్గరా మాఫీ అంటే ఉత్తర్వు రావాల్సిందే, కౌంటర్ దగ్గర బతిమాలితే వచ్చేది కాదు.

మీకు పనికొచ్చేది ‘ఉన్నది ఉన్నట్టు’ అన్న మాట. కేంద్రం 2016లో ఇచ్చిన నమూనా భవన నిబంధనల్లో, గాలివానకో వరదకో దెబ్బతిన్న భాగాన్ని మంజూరైన ప్లాన్ ప్రకారం పాత కొలతల్లోనే కట్టుకుంటే పర్మిషన్ అక్కర్లేదని ఉంది. అది నమూనా, మనకి చెల్లేవి రాష్ట్ర నిబంధనలు. అందుకే సచివాలయంలో వార్డు ప్లానింగ్ కార్యదర్శికి అర్జీ పెట్టి జవాబు రాతలో తీసుకోండి. నోటి మాట నమ్మొద్దు.

రేకుల చోట శ్లాబు వేస్తే అది పాతది కాదు, కొత్త పని. ప్లానూ కావాలి, ఫీజులూ పడతాయి. కింది గోడలు ఆ బరువు మోస్తాయా అని ఇంజనీరుకి చూపించకుండా కొండవాలులో ఆ సాహసం చేయొద్దని మీ మరిదిగారికి నా మాటగా చెప్పండి. పాత విస్తీర్ణానికి ఒకసారి కట్టిన చార్జీలు మళ్ళీ అడిగితే, ఎందుకో రాసిమ్మనండి. కట్టుబడి ఖర్చులో ఒక శాతం లేబర్ సెస్సు మాత్రం కార్పొరేషన్ సొమ్ము కాదు, కార్మికుల సంక్షేమానిది. సొంతానికి కట్టుకునే ఇంటి ఖర్చు 50 లక్షలు దాటకపోతే ఆ సెస్సు మీకు వర్తించదు.

నష్టపరిహారం కూడా అడగండి. 2022–26 కాలానికి ఇచ్చిన విపత్తు సాయం నిబంధనల్లో, కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు, మైదానంలో పూర్తిగా కూలినదానికి 1,20,000 అని పెట్టారు. అయితే అది అనుమతి ఉన్న కట్టడమై ఉండాలి. కొండవాలుల్లో ఎంతమందికి ప్లాన్ ఉంది? నాకు బాధ అక్కడే. గూడు పోయినవాళ్ళకి ఫీజు వద్దని తుఫాను రాకముందే నిబంధన రాసిపెట్టాలి. వచ్చాక ఉత్తర్వు కోసం ఎదురుచూసేలోపు మేస్త్రీ పని మొదలెట్టేస్తాడు.

రేకులే వేస్తే పాత మేకులు వాడనివ్వకండి. మన తీరానికి లెక్కగట్టే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. జె బోల్టులు (కొక్కెంలా వంగినవి), వాషర్లు పెట్టించి, అంచు వరుసలో దగ్గర దగ్గరగా బిగించమనండి.