పాతిల్లు, ఉప్పుగాలి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఉత్తరాలన్నీ సముద్రం పక్క ఊళ్ళవే. వానలు వెనకబట్టి, గోడల మీద మరకలు తేలే రోజులు కదా. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకున్నాను. అదే ఇబ్బంది ఉన్నవాళ్ళు కోస్తాలో వీధికి ఇద్దరుంటారు.

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లె. తాతగారు కట్టించిన ఇల్లు, పద్దెనిమిది అంగుళాల సున్నపు గోడలు. కొన్నేళ్ళ కిందట పాత గచ్చు కొట్టేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాం. ఇప్పుడు నడుమెత్తు దాకా పెచ్చులూడిపోతోంది. మా అబ్బాయి వాటర్‌ప్రూఫ్ కెమికల్ పూయించి, పైన టైల్స్ అంటించేద్దాం అంటున్నాడు. చేయించమంటారా?

జవాబు: వద్దమ్మా. టైల్స్ అంటిస్తే చెమ్మ కంటికి కనబడదు, అంతే. అది గోడలోనే ఉండి టైల్స్ పైఅంచు దాటాక మళ్ళీ బయటపడుతుంది. అప్పుడు ఛాతీ ఎత్తున పెచ్చులూడతాయి.

జరిగేదేమిటంటే, మీ డెల్టా నేలలో నీళ్ళు మూరెడు లోతునే ఉంటాయి. ఆ కాలంలో పునాది మీద చెమ్మ ఆపే పొర వెయ్యడం అరుదు. వత్తి నూనెని లాగినట్టు ఇటుక ఆ నీటిని పైకి లాగుతుంది. నీటితోపాటు ఉప్పూ ఎక్కుతుంది. పాత సున్నపు గచ్చు ఉన్నన్నాళ్ళూ ఆ నీరు అడుగు, అడుగున్నర ఎత్తులోనే గాలికి ఆరిపోయేది. సిమెంటు పూత ఆ దారి మూసేసింది. ఆరే చోటు దొరక్క చెమ్మ పైపైకి ఎక్కింది. ఎండాకాలంలో లోపలి ఉప్పు గడ్డకట్టి ఉబ్బుతుంది, దాని మీదున్న పూతను నెట్టేస్తుంది. ఊడిన పెచ్చు ఒకటి తిరగేసి చూడండి. వెనక తెల్లటి నూగు, దానితోపాటే ఊడొచ్చిన ఎర్ర ఇటుక పొర కనిపిస్తాయి. అంటే పూతతోపాటు గోడా కొంచెం కొంచెం పోతోంది. అందుకే తొందరపడమంటున్నాను.

అయితే తొందర గోడతో కాదు, గోడ చుట్టూ ఉన్నవాటితో. ముందు బయటికి వెళ్ళి నాలుగు పక్కలా తిరిగి చూడండి. మీ వీధిలో సిమెంటు రోడ్డు మీద ఇంకో సిమెంటు రోడ్డు వేసి, అరుగు కన్నా రోడ్డు ఎత్తయిపోయిందా? గోదావరి జిల్లాల్లో సగం పాతిళ్ళకి ఇదే రోగం, వాననీరంతా ఇంటి వైపే వస్తుంది. పెరడంతా శుభ్రంగా ఉంటుందని గోడ అంచు దాకా సిమెంటు పోయించారా? నేలలో చెమ్మకి అప్పుడు గోడ తప్ప దారి లేదు. పెరటి గోడకి ఆనుకుని నీళ్ళ గది, తూములేని గోలెం ఉన్నాయా? పక్క పొలం రొయ్యల చెరువయిందా? చెరువు మీ చేతిలో లేదు గానీ మిగతావి ఉన్నాయి. గోడ వెంబడి అడుగున్నర వెడల్పున సిమెంటు పగలగొట్టించి, అడుగు లోతు తీయించి, కంకర నింపించండి. నీరు కాలువలోకి జారేలా వాటం ఇవ్వాలి. చూరు నీళ్ళు గోడ మొదట్లో పడకుండా రేకు తొట్టి కట్టించండి. ఈ పనులకయ్యే ఖర్చు టైల్స్ ఖర్చులో నాలుగో వంతు కూడా ఉండదు.

ఆ తర్వాత సంక్రాంతి వెళ్ళాక గోడ పని మొదలుపెట్టండి. చెమ్మ గీత పైన ఇంకో అడుగున్నర దాకా సిమెంటు పూత మొత్తం తీసేయాలి. సుత్తి చిన్నది వాడమనండి. డ్రిల్లు మిషను పెడితే మెత్తటి పాత ఇటుక మూలలు ఎగిరిపోతాయి. ఇటుకల మధ్య పిండిగా మారిన సున్నాన్ని ముప్పావు అంగుళం లోతు గీకి, పొడి చీపురుతో ఊడ్పించండి. నీళ్ళతో కడగొద్దు. కడిగితే ఉప్పు మళ్ళీ లోపలికే పోతుంది. ఊడ్చిన ఉప్పుమట్టి గోడ మొదట్లో పోయకుండా దూరంగా పారేయించండి.

తర్వాత గోడను అలా వదిలేయండి. అంగుళం గోడ ఆరడానికి నెల అని పాత లెక్క. మీది రెండు పక్కలా గాలి తగిలే గోడైనా తొమ్మిది నెలల మాట. అన్నాళ్ళు ఎర్ర ఇటుకలు కనిపిస్తే చుట్టాలేమంటారో అన్న బెంగ ఉంటుంది, తెలుసు. కనీసం ఒక వేసవి పూర్తిగా ఆరనివ్వండి. రోహిణి కార్తె గాడ్పులు మనకి చేసే మేలు ఇదొక్కటే.

పూతకి మళ్ళీ సున్నమే వాడాలి. మా నాన్న తాపీ మేస్త్రి. ఆయన రోజుల్లో గుల్ల సున్నం గానుగలో నూరి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపేవారు. ఇప్పుడు మీకు గానుగ దొరక్కపోవచ్చు. కాల్చిన సున్నపు రాయి తెప్పించి ఇనప డ్రమ్ములో నానబెట్టించండి, ప్లాస్టిక్ డ్రమ్ము ఆ వేడికి ఆగదు. నీళ్ళలో సున్నం వెయ్యాలి గాని సున్నం మీద నీళ్ళు పొయ్యకూడదు. కళ్ళకి అద్దాలు ఉండాల్సిందే, పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకూడదు. మూడు వారాలకు తక్కువ కాకుండా నానాక వెన్నలా తేలిన ముద్ద ఒక పాలు, ఇసుక, ఇటుక పొడి కలిపి మూడు పాళ్ళు. ఇటుక పొడి బాగా మాడిన నల్ల ఇటుకది పనికిరాదు, లేత కాపుది కావాలి. సున్నాన్ని గట్టిపరిచేది అదే.

ఇక్కడొక హెచ్చరిక. మీ ప్రాంతంలో ఎరువుల కొట్లలో చెరువుల్లో చల్లే సున్నం బస్తాలు చవగ్గా దొరుకుతాయి. అందులో చాలా రకాలు ఉత్త సున్నపురాతి పొడి. దాన్ని ఎన్నాళ్ళు నానబెట్టినా పట్టు రాదు. కాల్చిన సున్నం నీళ్ళలో పడగానే సలసల కాగి పగలాలి, మీ ఎదుటే వేయించి చూసుకోండి.

అరంగుళం చొప్పున రెండు పూతలు, మధ్యలో వారం ఎడం. తడి గోనెసంచులు వేలాడదీసి నీడన ఆరనివ్వాలి. మేస్త్రి మూడోరోజుకే విసుక్కుంటాడు. మీరు కాఫీకి లోపలికెళ్ళినప్పుడు "తొందరగా పట్టేస్తుందండీ" అని తట్టలో గుప్పెడు సిమెంటు కలిపేస్తాడు. ఆ పూట వంట ఇంకెవరికైనా అప్పగించి అక్కడే కుర్చీ వేసుకోండి. రంగు కూడా ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దు. పెద్ద పండక్కి వెల్ల వేసుకోండి, చాలు. కొన్నేళ్ళకి కింది రెండడుగుల పూత మళ్ళీ ఉప్పు పట్టి రాలితే కంగారు పడొద్దు. ఉప్పుని తను తీసుకుని ఇటుకను కాపాడటమే ఆ పూత పని. రాలినంత మేర మళ్ళీ పూయించుకోవచ్చు.

ప్రశ్న: వానాకాలం వస్తే చాలు, మా హాలు గోడ మీద ఒకేచోట తడి మచ్చ వస్తోంది. పైన పైపు లేదు, బయట వాన తగలదు. ఎండాకాలంలో దానంతటదే పోతుంది. (మచిలీపట్నం నుంచి)

జవాబు: ఆ ఇటుకల్లో ఉప్పుంది బాబూ. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను లాగి తనే నీరవుతుంది. బందరులో ఆ తేమ ఎన్ని నెలలుంటుందో మీకు చెప్పాలా! ఎప్పుడో ఉప్పెన నీళ్ళు తగిలిన గోడ కావచ్చు, లేదా ఊరగాయ జాడీలు, ఉప్పు బస్తా పెట్టిన మూల కావచ్చు. ఆ మేర పూత కొట్టించి, శుభ్రమైన బంకమట్టిని మంచినీళ్ళతో ముద్ద చేసి అంగుళం మందాన మెత్తి, ఆరి బీటలిచ్చాక ఊడబెరికించండి. ఉప్పు ఆ మట్టిలోకి వస్తుంది. రెండు మూడుసార్లు చేశాక సున్నపు పూత వేయించండి.

ప్రశ్న: విశాఖలో బీచికి దగ్గరగా మాకు 1980ల్లో కట్టిన డాబా ఉంది. హుద్‌హుద్ తుఫాను తర్వాత కిటికీలు, రంగులు బాగు చేయించాం. ఇప్పుడు పడగ్గది శ్లాబు అడుగున పెచ్చులూడి ఊచలు కనిపిస్తున్నాయి. మేస్త్రి సిమెంటు పూసి సున్నం కొడతానంటున్నాడు.

జవాబు: ముందు ఆ గదిలో మంచం తీసేయండి. తర్వాత సరుగుడు బాదులతో శ్లాబు కింద ఊతం పెట్టించండి. మిగతా మాటలు ఆ తర్వాత.

పైన నేను సున్నం గురించి రాసిందేదీ మీకు వర్తించదు. ఇది చెమ్మ తెగులు కాదు, ఇనుము తెగులు. ఉప్పుగాలి కాంక్రీటులోకి దిగి ఊచను తుప్పు పట్టించింది. తుప్పు అసలు ఇనుముకి రెండింతల పైనే చోటు ఆక్రమిస్తుంది, దాంతో కింది కాంక్రీటు పగిలి ఊడుతుంది. ఆ రోజుల్లో ఊచ కింద అరంగుళం కాంక్రీటు ఉంటే గొప్ప. ఇప్పటి ఐఎస్ 456 (కాంక్రీటు కట్టడాల జాతీయ ప్రమాణం) ప్రకారం సముద్రపు గాలి నేరుగా తగిలే చోట ఊచ మీద 45 మిల్లీమీటర్ల మందం, కనీసం ఎం30 బలం ఉన్న కాంక్రీటు ఉండాలి.

శ్లాబంతా చిన్న సుత్తితో తట్టిస్తే డొల్ల చప్పుడు ఎంత మేర ఉందో తెలుస్తుంది. ఊడిన చోట మాత్రమే పూస్తే ఆ అతుకు అంచు పక్కనే మళ్ళీ తుప్పు మొదలవుతుంది, ఇది ప్రతిసారీ చూసేదే. డొల్ల మేర మొత్తం, ఊచ వెనక్కి వేలు దూరేంత వరకు చెక్కించి, తుప్పు పూర్తిగా గీకించి, సన్నబడిన ఊచల పక్కన కొత్తవి జతచేయించి, తుప్పు నిరోధక పూత, ఆపైన పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంటు ముద్ద) వేయించాలి. ఇది మేస్త్రి ఒక్కడివల్ల అయ్యే పని కాదు. స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి చూడాలి. దూలం కూడా చీలి ఉంటే ఆయన శ్లాబు తీసేయమనొచ్చు, బేరమాడకండి.

ప్రశ్న: కాకినాడలో మాది టేకు దూలాల మిద్దె. వానకి రెండు చోట్ల కారుతోంది. పైన మూడంగుళాల కాంక్రీటు పోయించేస్తే పీడా పోతుందని అందరూ అంటున్నారు.

జవాబు: ఆ అందరినీ కాంక్రీటు ఎంత బరువో అడగండి. మూడంగుళాల మందానికి చదరపు అడుక్కి దాదాపు 17 కిలోలు. పన్నెండు పదిహేను అడుగుల గదికి మూడు టన్నులు. దాన్ని మోసేది నూరేళ్ళ దూలాలు.

దూలం మధ్యలో బాగానే కనిపిస్తుంది. గోడలో దూరిన కొస దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. సులువుగా దిగిపోతే ఆ కొస పుచ్చింది. కప్పు కన్నా ముందు దాని సంగతి చూడాలి. కొసలు గట్టిగా ఉంటే మీ పని తేలిక. పగుళ్ళని వెడల్పు చేసి, దుమ్ము ఊది, సున్నం, ఇటుక పొడి కలిపిన ముద్దని దట్టించి, చెక్కతో కొట్టి కూర్చాలి. వెనక ఆడవాళ్ళు వరసగా కూర్చుని పాట పాడుతూ రోజుల తరబడి మిద్దె కొట్టేవారు. ఆ కొట్టుడుకే ఇటుక కంకర, సున్నం ఒకటై నీరు దిగకుండా పోయేవి. వాననీటి తూములు కూడా తీయించండి. కారే మిద్దెల్లో సగం తూములో ఆకులడ్డుపడ్డవే.

పిట్టగోడ సందులో రావి మొక్క ఉందో లేదో చెప్పలేదు మీరు, ఉండే ఉంటుంది. పీకితే తల ఊడొచ్చి వేరు గోడలోనే ఉండిపోతుంది. చుట్టూ ఇటుకలు విప్పి వేరుతో సహా తీయించండి. రావిని కొట్టకూడదని ఇంట్లో పెద్దలు అభ్యంతరపెడితే చెరువుగట్టున నాటించండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. రాజోలు దగ్గర మా అమ్మ ఉంటున్న పాత మండువా ఇంటికి ఆనించి ఒక గది, బాత్రూం కట్టించాలి. దూరం నుంచి ఏం చూసుకోవాలి?

జవాబు: పాత గోడలో పళ్ళలా గాట్లు కోసి, కొత్త గోడ ఇటుకల్ని అందులోకి దూర్చి కలపనివ్వకండి. పాతది నూరేళ్ళ కిందటే కుంగి కుదురుకుంది. కొత్తది ఇంకా కుంగాలి. కలిపితే అతుకు దగ్గర చీలుతుంది. అంగుళం సందు వదిలి, పైన రేకు మూత వేయించండి.

పాత గోడ పక్కన పునాది గొయ్యి ఒక్కసారే పొడుగునా తవ్వించొద్దు. నాలుగేసి అడుగుల ముక్కలుగా, ఒకటి నింపాకే పక్కది. పాత పునాది కన్నా లోతుకి అసలే పోకూడదు. ఇసుక ఎక్కణ్ణుంచి వస్తోందో అడగండి. నది మొగ దగ్గరిది పోటు నీళ్ళు తగిలిన ఉప్పిసుక. రాయిని పిండి చేసిన రోబో ఇసుకైతే ఆ భయం లేదు. క్యూరింగ్‌కి, అంటే కాంక్రీటు తడపడానికి, పెరటి బోరు నీళ్ళు కొట్టేస్తారు. అమ్మగారు ఆ నీళ్ళు కాఫీకి వాడకపోతే కాంక్రీటుకీ వాడనివ్వకండి, ట్యాంకరు తెప్పించండి. బాత్రూం మాత్రం పాత గోడవైపు పెట్టొద్దు, గదికి అవతలి పక్కన పెట్టించండి.

పునాది తవ్వే రోజు వీడియో కాల్‌లో గొయ్యి అడుగు చూపించమనండి. నీరు ఊరుతుంటే ఆ పూటకి పని ఆపించి, ఫోటోలు ఈ శీర్షికకి పంపండి.