ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు వస్తోందంటే కెమెరా గీత దాటింది

మీ స్టోరీబోర్డులో (షాట్లని ముందే బొమ్మలుగా గీసుకునేది) అన్నదమ్ములు ఎదురెదురుగా మాట్లాడుకుంటున్నా ఒకే వైపు చూస్తున్నట్టు వస్తోందన్నారు కదా. మీ బొమ్మల్లో తప్పు లేదు, కెమెరా పెట్టిన చోటే తప్పు: ఇద్దరినీ కలిపే ఊహా గీతకి అటుపక్కకి వెళ్ళింది. టీ కొట్టు సీన్‌లో 3వ ఫ్రేమ్ దాకా అన్న కుడికి చూస్తున్నాడు. 4లో తమ్ముడూ కుడికే చూస్తున్నాడు. ఇక మాట్లాడుకుంటున్నట్టు ఎలా ఉంటుంది, ఇద్దరూ బస్సు కోసం చూస్తున్నట్టుంది!

1. ముందు సీన్‌ని పైనుంచి చూసినట్టు ప్లాన్ గీయండి. అందరూ ఎగ్గొట్టేది ఇదే. మనుషులకి రెండు సున్నాలు, వాటిని కలుపుతూ ఒక గీత. నేనైతే రెండు అగ్గిపెట్టెలు పెట్టి ఫోన్‌తో చూసుకుంటా.
2. కెమెరాలన్నీ గీతకి ఒకే పక్క, అంటే ఆ పక్కనున్న అర్ధవృత్తం (180 డిగ్రీలు) లోనే పెట్టి షాట్ నంబర్లు వేయండి.
3. 4వ ఫ్రేమ్‌లో తమ్ముణ్ణి ఎడమకి తిప్పండి.
4. అటువైపు వెళ్ళక తప్పదంటే, కెమెరా కదులుతూ గీత దాటే షాట్ ఒకటి మధ్యలో గీసి, బాణం గుర్తు పెట్టండి.